పెరికెద్దులు నడిపిన యుద్ధాలు

భవానీపురం మీదుగా గొల్లపూడి, ఇబ్రహీంపట్నం, నందిగామ దాటి హైదరాబాదుకు పోయే దారి చాలా పాతది. గోలకొండ సుల్తానుల నాడు రాజధానినీ బందరు రేవునూ కలిపిన బాటలు ఇంచుమించు ఈ దిక్కుగానే సాగాయి. ఆ బాటల గురించి వ్రాసేవారు సాధారణంగా వజ్రాలనూ, కలంకారీ బట్టలనూ, విదేశీ వర్తకులనూ తలుచుకుంటారు. నేను చెప్పదలచుకున్నది అంత మెరుపున్న విషయం కాదు. ఉప్పు, బియ్యం, జొన్నల సంగతి. వాటిని మోసిన ఎద్దుల సంగతి. ఆ ఎద్దుల వెంట నడిచిన మనుషుల సంగతి.

మన చరిత్ర పుస్తకాలలో యుద్ధవర్ణనలకు కొదవలేదు. ఎన్ని ఫిరంగులు, ఎన్ని గుర్రాలు, ఎవరు ఏ వైపునుంచి కోట గోడ ఎక్కారు అన్నవి పేజీలకొద్దీ ఉంటాయి. ఆ ఎక్కినవాళ్ళు ముందురోజు రాత్రి ఏం తిన్నారు, ఆ గింజలు ఏ ఊరినుంచి ఎలా వచ్చాయి అన్నది మాత్రం ఎక్కడో ఒక వాక్యంలో ముగిసిపోతుంది. నిజానికి దక్కనులో జరిగిన అనేక యుద్ధాల గెలుపోటములు ఆ ఒక్క వాక్యంలోనే ఉన్నాయి.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. మనిషికి రోజుకు సేరు బియ్యం, అంటే ఇంచుమించు ఒక కిలో అనుకుందాం. పదివేలమంది సైనికులకు రోజుకు పది టన్నులు కావాలి. బరువు మోసే ఎద్దు ఒకటి వంద కిలోలు మోస్తుందనుకుంటే అది వంద ఎద్దుల బరువు. నెలకు మూడువేల ఎద్దులు. అయితే ఆ కాలపు సైన్యం అంటే సైనికులు మాత్రమే కాదు. గడ్డి కోసేవాళ్ళు, గుర్రాలవాళ్ళు, డేరాలు మోసేవాళ్ళు, వంటవాళ్ళు, చాకళ్ళు, అంగళ్ళవాళ్ళు, వారి ఆలుబిడ్డలు - సైనికుడికి ముగ్గురు చొప్పున వేసుకున్నా నలభైవేల నోళ్ళు. నెలకు పన్నెండువేల ఎద్దుల గింజలు. గుర్రాలకు ఉలవలు ఈ లెక్కలోకి రాలేదు. ఎద్దు నడిచేది రోజుకు ఎనిమిది పది మైళ్ళు. చుట్టుపక్కల ధాన్యం అయిపోయాక దూరంనుంచి తేవాలంటే ఈ లెక్క ఎక్కడికి పోతుందో మీరే ఊహించుకోవచ్చు.

ఇన్ని ఎద్దులను పోషించగల ఖజానా ఏ రాజుకూ లేదు. పోషించనక్కరలేదు కూడా, ఎందుకంటే వాటిని పోషించుకుంటూ దేశమంతా తిరిగే జనం ఒకరున్నారు.

*

తెలుగులో పెరిక అన్న మాటకు ఎద్దు వీపుమీద రెండు ప్రక్కలకూ వ్రేలాడేలా వేసే గోనెసంచి అని అర్థం. అలా బరువు మోసే ఎద్దు పెరికెద్దు. బండికి బాట కావాలి. పెరికెద్దుకు కాలిదారి చాలు. నల్లరేగడి నేల వానకు తడిస్తే బండి చక్రం ఇరుసుదాకా దిగబడుతుంది; ఎద్దు మాత్రం ఎలాగో కాళ్ళు పీక్కుంటూ నడుస్తుంది. మెట్ట దాటాలన్నా, వాగు దాటాలన్నా, అడవిలో దూరాలన్నా పెరికెద్దే దిక్కు. పెరిక కులంవారికి ఆ పేరు ఈ వృత్తినుంచే వచ్చింది. ఎరుకలవారిలో కొందరు తీరాన ఉప్పు కొని ఎద్దులమీద, గాడిదలమీద లోపలి జిల్లాలకు తీసుకుపోయి, అక్కడి ధాన్యం తెచ్చి అమ్ముకునేవారు. అయితే యుద్ధానికి సరిపోయేంత పెద్దయెత్తున ఈ పని చేసినవారు లంబాడీలు - బంజారాలు, సుగాలీలు అని కూడా మనం పిలిచేవారు.

వజ్రాల వ్యాపారి టావెర్నియే గోలకొండకూ బందరుకూ పలుమార్లు వచ్చినవాడు. 1676లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో ఈ బిడారుల గురించి శ్రద్ధగా వ్రాశాడు. పది పన్నెండువేల ఎద్దుల గుంపులు ఎదురైతే అవి దాటిపోయేదాకా ప్రయాణికులు రోజులతరబడి ఆగవలసి వచ్చేదట. వీరిలో నాలుగు తెగలున్నాయనీ, ఒకరు గోధుమ, ఒకరు బియ్యం, ఒకరు పప్పులు, ఒకరు ఉప్పు మాత్రమే మోస్తారనీ, వీరికి ఇళ్ళంటూ లేవనీ అతని కథనం. అంతకుముందే 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషువాడు ఉత్తరాదిన ధాన్యం మోస్తున్న 14,000 ఎద్దుల తాండాను చూశాడు. ఇందాక మనం వేసిన లెక్కతో పోల్చి చూడండి. ఆ ఒక్క తాండా ఒక పెద్ద సైన్యానికి, దాని పరివారానికి నెలరోజుల తిండి.

తాండాకు నాయకుడు నాయక్. ఆడవాళ్ళు, పిల్లలు, కుక్కలు, వంటపాత్రలు అన్నీ ఎద్దులతోనే నడుస్తాయి. రాత్రి మజిలీలో బరువులు దింపి గోనెలను చుట్టూ గోడలా పేరుస్తారు. అదే వారి కోట. గవ్వల దండలు, గంటలు, ఎర్రటి గుడ్డలతో అలంకరించిన పవిత్రమైన ఎద్దు ఒకటి ఉండేదనీ, దాని వీపుమీద ఎన్నడూ బరువు వేసేవారు కారనీ పందొమ్మిదవ శతాబ్దపు వర్ణనలు చెబుతాయి.

యుద్ధంలో వీరి స్థానం విచిత్రమైనది. వీరు ఏ రాజుకూ కొలువువారు కారు. ధాన్యం సొంత పెట్టుబడితోనో, అప్పు తెచ్చో కొని, సైన్యం దిగిన చోటికి తోలుకొచ్చి, విడిదిలో అమ్ముకుంటారు. ధర బాగుంటే మళ్ళీ వస్తారు. ఒక ప్రక్షానికి అమ్మినవారు రేపు రెండో పక్షానికి అమ్మవచ్చు. అందుకే ఇరుపక్షాలూ వారి జోలికి పోకుండా ఉండటం ఆచారమైంది. ఈరోజు దోచుకుంటే రేపు గింజ రాదన్న జ్ఞానం శత్రువులిద్దరికీ సమానంగా ఉండేది.

లంబాడీలలో తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటుంది. షాజహాను కాలంలో అసఫ్‌ఖాను దక్కను దండయాత్రకు భంగీ, జంగీ అనే నాయకులు లక్షా ఎనభైవేల ఎద్దులతో తోడు వచ్చారట. మేతకూ నీటికీ గొడవ వస్తే అసఫ్‌ఖాను బంగారు అక్షరాలతో వారికొక రాగిశాసనం ఇచ్చాడట. ఊళ్ళో కుండల్లోని నీళ్ళు వారివి. ఇళ్ళ కప్పుల గడ్డి వారి ఎద్దులది. రోజుకు మూడు హత్యలదాకా క్షమ. ఎద్దుల లెక్క ఎంతవరకు నిజమో పక్కన పెడదాం. కథలో ఉన్న వరాలు మాత్రం ఆలోచించదగినవి. సైన్యానికి గింజ ఎంత అవసరమో ఈ మాటలంత సూటిగా మరే పత్రమూ చెప్పదు. అలాగే దారిలో ఉన్న పల్లెకు ఆ అవసరం ఏమి తెచ్చిపెట్టిందో కూడా చెప్పదు. ఇంటి కప్పు ఎద్దు మేతగా పోయిన కుటుంబం వానాకాలం ఎలా గడిపిందన్నది ఏ శాసనంలోనూ ఉండదు కదా.

*

గింజ రాకపోతే ఏమవుతుందో 1687లో ఔరంగజేబు గోలకొండ ముందు చూశాడు. ముట్టడి ఇంచుమించు ఎనిమిది నెలలు సాగింది. వానలు ముంచుకొచ్చి మంజీర పొంగడంతో ధాన్యం దారులు తెగిపోయాయి. కోటలో ఉన్నవాడికి కొట్లలో గింజలున్నాయి. బయట ఉన్న చక్రవర్తి సైన్యం ఆకలికీ రోగాలకూ రాలిపోయింది. హైదరాబాదు పట్టణంలో శవాలెత్తే దిక్కు లేదని ఆనాటి చరిత్రకారులు వ్రాశారు. చివరికి సెప్టెంబరు 21న కోట పడింది - ఫిరంగులవల్ల కాదు, లంచం తీసుకున్న ఒక సేనాని తెరిచిన తలుపువల్ల.

మన డెల్టాలో ఇలాంటి ఘట్టం 1759 నాటి బందరు ముట్టడి. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివారిని ఓడించిన కర్నల్ ఫోర్డు వెంటనే బందరుమీదికి రాలేకపోయాడు. విజయనగర ప్రభువు ఆనందరాజు ఇస్తానన్న డబ్బు చేతికి రాలేదు. డబ్బు లేకుండా సైన్యం కదలదు. ఎట్టకేలకు మార్చి మొదట్లో బందరు చేరాడు. అప్పటికి వెనుక రాజమండ్రిని ఫ్రెంచి దండు తిరిగి పట్టుకుంది. ముందు సలాబత్‌జంగు పెద్ద సైన్యంతో వచ్చి మన బెజవాడలోనే దిగాడు. జీతాలు లేని తెల్ల సైనికులు ఆయుధాలు పట్టుకుని వెళ్ళిపోతామని తిరగబడ్డారు. ఏప్రిల్ 7 రాత్రి ఫోర్డు కోటమీద పడటం మనం అనుకునే సాహసం మాత్రమే కాదు. నిలిచి ముట్టడించే తాహతు అయిపోయినవాడి ఆఖరి మార్గం. తెల్లవారేసరికి బందరు ఇంగ్లీషువారిదైంది. ఉత్తర సర్కారుల చరిత్ర ఆ రాత్రితో మలుపు తిరిగింది.

*

ఇప్పుడు కాసేపు సముద్రాలు దాటి వెళదాం. 1791 అనే ఒకే సంవత్సరంలో, భూగోళానికి రెండు వైపులా, రెండు సైన్యాలు తిండి లేక భంగపడ్డాయి.

ఒకటి మన ప్రక్కనే. అమెరికాలో యార్క్‌టౌను దగ్గర 1781లో లొంగిపోయిన కార్న్‌వాలిసే పదేళ్ళ తరువాత గవర్నర్ జనరలుగా టిప్పుమీదికి వచ్చాడు. 1791 మే 15న శ్రీరంగపట్నం దగ్గర యుద్ధం గెలిచాడు. గెలిచి ఏం లాభం? ఎద్దులు వేలాదిగా చచ్చాయి, బియ్యం అయిపోయింది. కోట కనుచూపు మేరలో ఉండగా తన ముట్టడి ఫిరంగులను తానే ధ్వంసం చేసుకుని వెనుదిరిగాడు. దారిలో మరాఠా సైన్యం కలిసింది. ఆ విడిది వెంట నడిచే బజారులో లేని వస్తువు లేదట! అక్కడ ఎక్కువ ధర పెట్టి కొనుక్కుని కంపెనీ సైన్యం ప్రాణం నిలుపుకుంది. కార్న్‌వాలిసు పాఠం నేర్చుకున్నాడు. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ లంబాడీ నాయకులతో మాట్లాడి వారి తాండాలను కంపెనీ విడిదికి తిప్పాడు. 1792 ఫిబ్రవరిలో మళ్ళీ శ్రీరంగపట్నం చేరినప్పుడు సైన్యం వెనుక వేల పెరికెద్దులున్నాయి. ఈసారి టిప్పు సగం రాజ్యం వదులుకున్నాడు. ఈ రీడే తరువాత బారామహల్ కలెక్టరై, థామస్ మన్రోకు గురువయ్యాడు.

రెండవది అమెరికాలో. కొత్తగా స్వతంత్రమైన ఆ దేశం ఒహాయో నదికి ఆవల ఉన్న స్థానిక తెగల భూములలో చిన్న చిన్న కోటలు కట్టి సైనికులను పెట్టింది. 1790 నాటి చట్టం ప్రకారం సైనికుడి రోజువారీ రేషను ఇది: ఒక పౌను గొడ్డుమాంసం లేదా ముప్పాతిక పౌను పందిమాంసం, ఒక పౌను రొట్టె లేదా పిండి, కొంచెం సారా, వంద రేషన్లకు కలిపి ఉప్పు, వెనిగరు, సబ్బు, కొవ్వొత్తులు. కాగితంమీద అంతా బాగుంది. వీటిని చేర్చే పనిని ప్రభుత్వం కాంట్రాక్టుకు ఇచ్చింది. 1791లో కాంట్రాక్టరు విలియం డ్యూయరు న్యూయార్కులో కూర్చుని, సైన్యం పేరిట ముందుగా తీసుకున్న సొమ్మును సట్టా వ్యాపారంలోకి మళ్ళించాడు. అడవిలో జనరల్ సెయింట్ క్లేరు సైన్యం పిండికోసం ఎదురుచూస్తూ, సగం రేషనుతో, ఆలస్యంగా కదిలింది. రేషను బండ్లను దోచుకోకుండా కాపాడటానికి ఒక రెజిమెంటును వెనక్కు పంపవలసి వచ్చింది. నవంబరు 4 తెల్లవారుజామున తెగల కూటమి మీదపడి ఆరువందల మందికి పైగా సైనికులను హతమార్చింది. మరుసటి ఏడు అమెరికా కాంగ్రెసు జరిపిన మొట్టమొదటి విచారణ దీనిమీదే. సరఫరా లోపాలను అది తీవ్రంగా తప్పుపట్టింది. డ్యూయరు అప్పటికే అప్పులపాలై జైలులో ఉన్నాడు.

అక్కడ కాంట్రాక్టు పద్ధతి ఇంకా పాతికేళ్ళు సాగి, 1818లో గాని సైన్యం తన సొంత ఆహారశాఖను ఏర్పరచుకోలేదు. సరిహద్దు కోటలవాళ్ళు తమ కూరగాయలు తామే పండించుకోవాలని ఆజ్ఞలు వచ్చాయి. 1819-20 శీతాకాలంలో మిస్సోరీ నదీతీరపు విడిదిలో తాజా ఆహారం లేక స్కర్వీ రోగంతో నూరుమందికి పైగా చనిపోయాక అక్కడి సైనికులు నాగలి పట్టి పెద్ద వ్యవసాయమే చేశారు.

ఈ రెండు కథలనూ ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే తేడా స్పష్టంగా కనబడుతుంది. అమెరికా కాంట్రాక్టరు గింజ చేర్చకముందే డబ్బు తీసుకున్నాడు. ఆకలి సైనికుడిది, లాభం అతనిది. మన లంబాడీ నాయకుడు గింజ తెచ్చి కళ్ళముందు కుమ్మరిస్తేనే డబ్బు. దారిలో ఎద్దు చచ్చినా, వాగులో గోనె కొట్టుకుపోయినా నష్టం అతనిదే. ఏ పద్ధతి నమ్మదగినదో వేరే చెప్పనక్కరలేదు. అయితే రెండో పక్షం కూడా చూడాలి. 1790-92 సంవత్సరాలలో ఉత్తర సర్కారులలోనూ దక్కనులోనూ దారుణమైన కరువు ఉంది. వ్యాపారి గింజను ఎక్కువ ధర పలికే చోటికే తోలుతాడు. సైన్యం దగ్గర ఖజానా ఉంది; కరువు పల్లెలో ఏముంది? పెరికెద్దు ఎటు నడిచిందో ఊహించడం కష్టం కాదు.

*

కంపెనీ పాలన కుదురుకున్నాక సైన్యాలు దండయాత్రలు తగ్గించి కంటోన్మెంట్లలో స్థిరపడ్డాయి. 1798 ఒడంబడికతో నిజాం ఖర్చుమీద హుస్సేన్‌సాగరు ఒడ్డున దిగిన కంపెనీ సైన్యపు విడిదికే 1806లో సికిందరాబాదు అని పేరు వచ్చింది. మద్రాసు సైన్యంలో సిపాయి తన జీతంలోంచి బజారులో బియ్యం కొనుక్కునేవాడు. అందుకే కంటోన్మెంటు అంటే ముందు బజారు. తెల్ల సైనికుడికి మాంసం, సారా సర్కారే ఇచ్చేది. ఈ సరఫరాలచుట్టూ లాభాలు కూడా పెరిగాయి. డేరాలు సమకూర్చే కాంట్రాక్టు పేరిట అధికారులకు అందుతున్న సొమ్మును మద్రాసు ప్రభుత్వం రద్దు చేయడం, 1809లో బందరు కోటలో మొదలైన తెల్ల అధికారుల తిరుగుబాటుకు ముఖ్యకారణాలలో ఒకటి. లంబాడీ లాభం నష్టభయంతో కూడినది. ఈ దొరల లాభానికి ఆ భయం కూడా లేదు.

ఇక పెరికెద్దుల కథ ముగింపుకు వచ్చింది. 1805లో ఉప్పు అమ్మకం కంపెనీ గుత్తాధిపత్యమైంది. 1850లలో బెజవాడ ఆనకట్ట పూర్తయి, కాలువలలో పడవలు తిరగసాగాయి. పడవ ఒకటి మోసే బరువు ఎన్ని ఎద్దులు మోయాలి! 1889లో నిజాం రైలు సికిందరాబాదు నుంచి బెజవాడ చేరింది. వేల ఎద్దులు వారాలతరబడి నడిచిన దారి ఒక రాత్రి ప్రయాణమైంది. రైలు తప్పు చేసిందని నేననను. దానివల్ల కరువు నాడు గింజ కదిలే వేగం పెరిగిన మాట నిజం. అయితే ఆ వేగం ఎవరి బ్రతుకుమీదుగా పోయిందో గుర్తుంచుకోవడం న్యాయం.

పని పోయిన జనం తిరుగుడు మానలేదు, మానితే బ్రతికేదెక్కడ? భూమి లేదు, ఊరు లేదు. తిరిగేవాడు దొంగ అనే సిద్ధాంతానికి 1871లో చట్టరూపం వచ్చింది. నేరస్థ జాతుల చట్టం అది. 1911లో మద్రాసు రాష్ట్రానికీ విస్తరించింది. పుట్టుకతోనే నేరస్థులని ముద్రపడ్డ జాతులలో ఎరుకలవారున్నారు, లంబాడీలున్నారు. ఎరుకలవారి ఉప్పు వ్యాపారం ఎలా చితికి వారు ఆ జాబితాలోకి ఎలా చేరారో మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన గ్రంథంలో వివరంగా పరిశోధించారు. వారికోసం సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్మెంట్లలో ఒకటి స్టువర్టుపురం. అది మనందరికీ తెలిసిన పేరు. మరొకటి సీతానగరంలో. అంటే బెజవాడకు ఎదురుగా, కృష్ణ ఆవలి గట్టున. అక్కడివారు పిలిచిన వేళకు వచ్చి హాజరు పలకాలి. గడప దాటాలంటే పాసు ఉండాలి. ఒకనాడు తీరంనుంచి ఉప్పు వేసుకుని ఎవరినీ అడగకుండా ఎగువ దేశాలకు నడిచిన వారి మనుమలు వీరు.

స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. 1976లో తెలంగాణ లంబాడీలకు షెడ్యూల్డు తెగల హోదా లభించింది. ముద్ర మాత్రం చట్టంతోపాటు చెరిగిపోలేదు. దొంగ అనే మాట వినబడగానే కొన్ని కులాల పేర్లు మన నోట అలవోకగా రావడం నేటికీ ఉన్నదే.

సైన్యానికి గింజ కావలసినన్నాళ్ళు రోజుకు మూడు హత్యలు క్షమించిన రాజ్యం, అవసరం తీరాక వారి ఒక్క అడుగును కూడా క్షమించలేదు. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధ కలిగించిన విషయం ఇదే. యుద్ధం గెలిచిన సేనానుల పేర్లతో ఊళ్ళున్నాయి, వీధులున్నాయి. ఆ సేనానుల కంచంలోకి అన్నం తెచ్చిన నాయకుల పేర్లు భంగీ, జంగీలవంటివి ఒకటి రెండు, అవి కూడా కథలుగానే మిగిలాయి.

కృష్ణ, గుంటూరు, నల్లగొండ, ఖమ్మం జిల్లాల పల్లెలలో లంబాడీల మజిలీలున్న చోట్లకు, వారు త్రవ్వించారని చెప్పుకునే బావులకు ఇంకా పాత పేర్లు మిగిలి ఉండవచ్చు. మీ ఊరి చుట్టుపక్కల అటువంటి బావిగాని, బాటగాని, పేరుగాని ఉంటే, ఇంట్లో పెద్దవారిని ఒక్కసారి అడిగి వ్రాసిపెట్టండి. రాగిశాసనాలు ఎలాగూ మనకు దొరకవు. ఆ పేర్లయినా మిగలనిద్దాం.